ఆర్డర్ కాగితం మీద తేదీ చూసుకున్నారా?

ప్రశ్న: మాది కావలి. నెల్లూరులో ఒక పిల్లల ఆసుపత్రికి పరికరాలు కొనిచ్చేందుకు ఐదుగురం ట్రస్టు పెట్టుకున్నాం. మా పక్క ఊరి పిలగాడు ప్రొఫెషనల్ కబడ్డీ ఆటగాడు. 2024 సంక్రాంతి పోటీల ఫైనల్ నాడు, జనవరి 16న, మైకులో 12 లక్షలు ఇస్తానన్నాడు. మార్చి 31లోగా ఇస్తానని 20వ తేదీన సంతకం పెట్టి ఉత్తరం కూడా ఇచ్చాడు. జులైలో ఫోన్ ద్వారా 4 లక్షలు పంపాడు. తర్వాత మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది. మొన్న ఇచ్చిన 8 లక్షల చెక్కు డబ్బుల్లేవని తిరిగొచ్చింది. పసిబిడ్డలను వెచ్చగా ఉంచే వార్మర్లు పంపిన చెన్నై కంపెనీ బాకీ కోసం మా ప్రాణం తీస్తోంది. పసిబిడ్డల డబ్బు ఎగ్గొడితే చట్టం ఊరుకుంటుందా? చెక్ బౌన్స్ కేసు వెయ్యమంటారా?

జవాబు: డబ్బు పసిబిడ్డల కోసమా, గుడి కోసమా అని కోర్టు చూడదు. విరాళం ఇస్తానన్న మాట ఉత్త మాటగానే ఉంటే వసూలు కాదు. ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25 చెబుతుంది. ఇలాంటి చందా వసూలుకు దారి ఒక్కటే. ఆ మాట నమ్మి, ఆ సంగతి అతనికీ తెలిసి, మీరు ఎవరికో బాకీ పడి ఉండాలి. హౌరా టౌన్‌హాల్ చందా కేసులో 1886లో కలకత్తా హైకోర్టు చెప్పింది ఇదే. చందాలు నమ్మి కాంట్రాక్టరుకు పని అప్పజెప్పారు కాబట్టి, 100 రూపాయలు రాసిన ఆయన కట్టాల్సి వచ్చింది. 1930లలో ఒక గుడి మరమ్మతుల కేసులో మద్రాసు హైకోర్టు మాత్రం దావా కొట్టేసింది. ఎందుకంటే అక్కడ పని ముందే మొదలైంది, చందా తర్వాత రాయించారు. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఆ తీర్పులకు మన కోర్టుల్లో ఇప్పటికీ బలం ఉంది.

కాబట్టి మీ కేసులో తేలాల్సింది ఒక్కటే: ఆర్డర్ ముందా, మాట ముందా?

మూడు పేజీల ఉత్తరం రాశారు గానీ ఈ ముక్క ఎక్కడా రాయలేదు. మీరు పంపిన జిరాక్సుల్లో మాత్రం ఉంది. రెండు వార్మర్లకు 4,80,000 రూపాయల ఆర్డర్ 2024 జనవరి 9న ఇచ్చారు. అప్పటికి ఆ అబ్బాయి మైకు పట్టుకోనే లేదు. ఊపిరికి సాయపడే సీప్యాప్ యంత్రానికి, కామెర్లకు వాడే ఫొటోథెరపీ లైట్లకు 7,20,000 రూపాయల ఆర్డర్ ఫిబ్రవరి 2న ఇచ్చారు. అది అతని ఉత్తరం చేతికొచ్చాక జరిగింది. అతని మాట నమ్మి చేసిన ఖర్చుగా నిలబడేది ఈ రెండోదే. అందులో వచ్చిన 4 లక్షలు తీసేస్తే 3,20,000. మీరు గట్టిగా అడగగలిగింది అంతవరకే.

మొదటి ఆర్డర్‌లో 9 ముందు ఒక 1 చేర్చి 19 చేస్తే సరిపోతుందని మీ కమిటీలో ఒకాయన అన్నారని రాశారు. ఆ పని చేయొద్దు, చేయనివ్వొద్దు. 19 అయినా ఉత్తరం తేదీకి ముందే కదా, మైకు మాట ఒక్కదాని మీద మీరెంత నిలబడతారు? పైగా అసలు కాపీ చెన్నై కంపెనీ దగ్గర ఉంది. ఇన్వాయిస్ మీద ఆర్డర్ తేదీ ఉంది. జనవరి 10న మీ ఖాతా నుంచి వెళ్లిన అడ్వాన్సు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంది. అవతలి లాయరు ఈ మూడూ తెప్పించిన రోజు డబ్బు మాట పోయి, భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద ఫోర్జరీ కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. ఉన్న 3,20,000 కూడా పోతాయి.

ఇక చెక్కు. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చే మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక 15 రోజుల గడువు, ఆపైన నెలలోగా ఫిర్యాదు. ఈ లెక్క అందరికీ తెలుసు. తెలియనిది, చెక్ బౌన్స్ కేసులకు ఆధారమైన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138, చట్టప్రకారం వసూలయ్యే బాకీకి ఇచ్చిన చెక్కుకే వర్తిస్తుందని. విరాళంగా ఇచ్చిన చెక్కుకు వర్తించదు. బాకీ ఉందని కోర్టు మొదట అనుకుంటుంది, నిజమే. కానీ జనవరి 9 నాటి మీ కాగితమే ఆ ఊహను చెడగొడుతుంది. చెక్కు రాశాక కొంత బాకీ తీరినా మొత్తం చెక్కునే బ్యాంకులో వేస్తే 138 నిలబడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ సంగతి అచ్చం అదే కాకపోయినా, 3,20,000 బాకీకి 8 లక్షల చెక్కు వేశారని వాదించడానికి ఆ తీర్పే చూపిస్తారు. ఆ కేసు వెయ్యొద్దు. చెక్కు, మెమో మాత్రం భద్రంగా ఉంచండి.

మీ అజాగ్రత్త ఇంకొకటి చెప్పాలి. పైసా రాకముందే, ఆ ఫైనల్ నాడే, 12 లక్షలు ముట్టినట్టు 80జీ రసీదు (దాతకు ఆదాయపు పన్ను మినహాయింపుకు పనికొచ్చేది) రాసి స్టేజీ మీద ఇచ్చారు! ఫొటో కోసం రసీదు రాస్తారా? రేపు కోర్టులో అతను ఆ రసీదు చూపించి మొత్తం ఇచ్చేశానంటే ఏం చెబుతారు? వెంటనే మీ ఆడిటరుతో మాట్లాడి, వచ్చింది 4 లక్షలేనని లెక్కల్లో సరిచేసి, రసీదు సవరించినట్టు అతనికి రిజిస్టరు పోస్టులో తెలపండి.

దావా వేయడానికి కాలపరిమితి మూడేళ్లు. అతను చెప్పిన గడువు 2024 మార్చి 31తో తప్పింది కాబట్టి 2027 మార్చి 31 లోపు దావా పడాలి. లాయరు నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. ఫోన్‌లో పంపిన 4 లక్షలతో గడువు పెరిగిందనీ అనుకోవద్దు. పాక్షిక చెల్లింపు గడువును పెంచాలంటే దానికి అతని రాతో, సంతకమో ఉండాలి. అందుకని ముందు అతని దగ్గరికి వెళ్లి, ఫిబ్రవరి 2 ఆర్డర్ వివరాలు రాసి, ఇంకా 3,20,000 ఇవ్వాల్సి ఉందని సంతకం, ఆ రోజు తేదీ వేయించుకోండి. వెనకటి తేదీ వేయొద్దు. గడువు లోపల సంతకం పడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి.

ఆ కాగితం పట్టుకుని కావలి కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార కమిటీలో ప్రీ లిటిగేషన్ అర్జీ, అంటే దావాకు ముందే రాజీ కోసం అర్జీ, పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు. ఐదుగురు ట్రస్టీలూ సంతకం చేయాలి. ఆట లేని పిలగాడు ఒకేసారి కట్టలేడు. నెలకు 20,000 చొప్పున 16 నెలలకు ఒప్పించండి. రాజీ కుదిరితే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కంతు తప్పితే నేరుగా అమలు పిటిషన్ వేసుకోవచ్చు. మిగతా 4,80,000 కూడా ఇస్తానని అతనే ఒప్పుకుంటే అవార్డులో రాయించండి. ఒప్పుకోకపోతే దాని కోసం ఈ రాజీ చెడగొట్టుకోవద్దు. చెన్నై కంపెనీకి ఆ వార్మర్ల డబ్బు కట్టాల్సింది ట్రస్టే. దానికి వేరే దాతలను ఇప్పటి నుంచే అడగండి. ఈసారి డబ్బు ఖాతాలో పడ్డాకే రసీదు రాయండి.