డిగ్రీలో ఉండగా రీసెర్చ్ ల్యాబ్‌లో చేరితే మొదట్లో ఏం చేయిస్తారు?

మీరు అడిగినవి రెండు. వచ్చే నెల బయాలజీ ల్యాబ్‌లో చేరుతున్నాను, గ్లాస్‌వేర్ కడిగించి పంపేస్తారా, నిజంగా పని నేర్పిస్తారా అనేది ఒకటి. పేరున్న ప్రొఫెసర్ దగ్గరే చేరాలా, చిన్న ల్యాబ్ అయినా పర్లేదా అనేది రెండోది. రెండోదే ముందు చెప్తా, ఎందుకంటే మొదటిదానికి జవాబు దాన్ని బట్టే ఉంటుంది.

ప్రొఫెసర్ ఎంత పెద్ద పేరున్న మనిషైనా మీకు కనపడేది మీటింగుల్లోనే, అదీ ఆ వారం ఏ కాన్ఫరెన్సుకీ వెళ్ళకపోతే. రోజూ మీ పక్కన నిలబడేది మాత్రం ఒక పిహెచ్‌డీ సీనియరో పోస్ట్‌డాకో (పిహెచ్‌డీ అయ్యాక రీసెర్చ్ చేసేవాళ్ళు), మీకు పని వచ్చేదీ రానిదీ ఆ మనిషిని బట్టే ఉంటుంది. ప్రొఫెసర్ పేపర్లు చదివి వెళ్ళమని అందరూ చెప్తారు, చదవండి, మంచిదే, కానీ చేరేముందు "నేను ఎవరితో కలిసి పనిచేస్తాను, వాళ్ళతో ఒకసారి మాట్లాడొచ్చా" అని నోరు తెరిచి అడగండి. ఆ సీనియర్ థీసిస్ రాసుకునే హడావిడిలో ఉంటే మీకు నేర్పే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది పాపం, వాళ్ళని అని లాభం లేదు, ఇంకొకళ్ళని చూసుకోవడమే.

నాకు దొరికిన సీనియర్ అక్క మొదటి రోజు ఏ ఎక్స్‌పెరిమెంటూ చూపించలేదు. బ్యాలెన్స్ మీద చిన్న ప్లాస్టిక్ ట్రే పెట్టి, చేతికి మైక్రోపైపెట్ (కొద్దికొద్ది ద్రవాన్ని కొలిచి తీసే పరికరం) ఇచ్చి, 100 మైక్రోలీటర్ల నీళ్ళు వేసి నంబర్ చూడు అంది. ఒక మైక్రోలీటర్ నీళ్ళ బరువు దాదాపు ఒక మిల్లీగ్రామ్, అంటే 0.100 గ్రాములు రావాలి. నాకు ఒకసారి 0.094, ఇంకోసారి 0.108. పైపెట్ బటన్‌కి రెండు స్టాపులుంటాయి, మొదటి స్టాప్ దాకా నొక్కి ద్రవాన్ని లాగాలి, వదిలేటప్పుడు రెండో స్టాప్ దాకా వెళ్ళాలి, లాగేటప్పుడే రెండోదాకా నొక్కేస్తే ఎక్కువ వచ్చేస్తుంది. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం, వేలికి తెలియడానికి చాలాసేపు పడుతుంది. నేను విసుక్కుంటుంటే "నీళ్ళతోనే రానిది ఎంజైమ్‌తో ఏం వస్తుంది, ఇంకోసారి తియ్యి" అంది. తర్వాత ఎంజైమ్ ముట్టుకున్నప్పుడు అర్థమైంది, అది గ్లిజరాల్ అనే చిక్కటి ద్రవంలో ఉంటుంది కాబట్టి జిగటగా పైపెట్ కొనకి తొడిగే టిప్‌కి అంటుకుపోతుంది, ట్యూబ్‌లో వేస్తే అడుక్కి దిగిపోతుంది, మెల్లగా తీసి బాగా కలపకపోతే రియాక్షన్ జరగనే జరగదు.

కడగడం సంగతంటారా, కడిగిస్తారు. టిప్ బాక్సులు నింపడం, మీడియా (బాక్టీరియాని పెంచే ఆహారం) కలపడం, సామాను ఆవిరి వేడితో శుభ్రం చేసే ఆటోక్లేవ్ పెట్టడం ఇవన్నీ మీ మీదే పడతాయి, పిహెచ్‌డీ వాళ్ళూ చేస్తారు కాబట్టి చిన్నతనం అనుకోకండి. చూడాల్సింది ఒక్కటే, ఎందుకు చేస్తున్నామో చెప్తున్నారా లేదా. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఎందుకు అని అడిగితే, మామూలు మరుగుకి చావని బాక్టీరియా స్పోర్లు కూడా చావాలి కాబట్టి అని ఎవరైనా విడమర్చి చెప్తే అది మంచి ల్యాబ్. నెలలు గడిచినా కడగడమే తప్ప ఇంకేం లేకపోతే మాత్రం వెళ్ళి అడగండి, అడిగినా మారకపోతే మానేయండి.

నాకు బాగా గుర్తుండిపోయింది ఒక జెల్. పీసీఆర్, అంటే డీఎన్ఏ ముక్కని కాపీలు చేసే రియాక్షన్ చేసి, ఆ కాపీలు బ్యాండ్లుగా కనపడేలా జెల్ రన్ చేశాం, అన్ని లేన్లలోనూ బ్యాండ్లు మెరిసిపోతున్నాయి, నేను ఎగిరి గంతేసే మూడ్‌లో ఉన్నా, అక్క మాత్రం చివరి లేన్ ఒక్కటే చూసి "మొత్తం పారేయాలి" అంది. అది నెగటివ్ కంట్రోల్, డీఎన్ఏ వెయ్యకుండా దాని బదులు నీళ్ళు వేసిన ట్యూబ్, అందులోనూ బ్యాండ్ వచ్చిందంటే మిగతా వాటిలో వచ్చినదాన్నీ నమ్మడానికి లేదు. సైకిల్‌కోసారి రెట్టింపవుతూ 30 సైకిళ్ళలో ఒక్క డీఎన్ఏ ముక్క లెక్క ప్రకారం 107 కోట్ల కాపీలవుతుంది మరి, కాస్త ఎక్కడినుంచి పడినా చాలు. తర్వాత అన్నీ నెగటివ్ కంట్రోళ్ళే పెట్టి, ఒక్కో ట్యూబ్‌లో ఒక్కో వస్తువు కొత్తది వాడి చూస్తూ పోయాం, ప్రైమర్లు (కాపీ మొదలవ్వడానికి వేసే చిన్న డీఎన్ఏ ముక్కలు), బఫర్, ఎంజైమ్ అన్నీ అయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది, చివరికి దొంగ ఎవరంటే ల్యాబ్ మొత్తం వాడే నీళ్ళ సీసా! వాడిన టిప్ అందులో ఎవరు ముంచారని ఎవరూ ఆరా తియ్యలేదు, ఆ రోజునుంచి నీళ్ళు చిన్న ట్యూబుల్లో పంచి ఎవరివి వాళ్ళకి పెట్టేశారు. కాలేజీ ప్రాక్టికల్స్‌లో కంట్రోల్ అంటే రికార్డులో రాసే ఒక లైను, అంతే కదా.

పీసీఆర్ మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. "డిగ్రీ వాళ్ళం, మావల్ల ఏమవుతుంది" అని రాశారు. ఆ రియాక్షన్‌లో డీఎన్ఏ కాపీలు చెయ్యడానికి వాడే టాక్ ఎంజైమ్, థర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియాది. 1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడి నీటి బుగ్గల శాంపిల్స్ నుంచి దాన్ని థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్తతో కలిసి వేరుచేసిన హడ్సన్ ఫ్రీజ్ అప్పటికి డిగ్రీ స్టూడెంటే. పీసీఆర్ అప్పటికి పుట్టనే లేదు, అది 1983 నాటి ఆలోచన, దానికే 1993లో కేరీ మల్లిస్‌కి నోబెల్ వచ్చింది. మొదట్లో వాడిన ఈ.కోలి అనే బాక్టీరియా ఎంజైమ్, సైకిల్‌లో ఇచ్చే 94 డిగ్రీల వేడికి పాడైపోయేది, ప్రతి సైకిల్‌కీ కొత్తగా వేసేవాళ్ళు, ఆ బాధ తీర్చింది వేడిని తట్టుకునే ఈ టాక్. అలా అని మీరూ ఏదో కనిపెట్టేస్తారని కాదులెండి, చాలామందికి ఒక్క పేపర్లో కూడా పేరు రాదు, నాకూ రాలేదు.

క్లాసులతో ఎలా కుదురుతుందని భయం వద్దు, కానీ పరీక్షల తేదీలు ముందే చెప్పేయండి. బాక్టీరియా మీ టైమ్‌టేబుల్ చూడదు, మంచి మీడియాలో 37 డిగ్రీల దగ్గర ఈ.కోలి 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, క్లాసు అయ్యాక వచ్చి చూస్తే మీకు కావాల్సిన దశ దాటిపోయి ఉంటుంది. నోట్‌బుక్‌లో అప్పటికప్పుడు రాయండి, టిష్యూ పేపర్ మీద రాసి రాత్రికి ఎక్కిద్దాం అనుకుంటే ఆ టిష్యూ ఎవరో బెంచి తుడవడానికి వాడేస్తారు.

ముందుగా ఏం చదవాలి అంటే పెద్దగా ఏం లేదు, డైల్యూషన్ లెక్కలు చేత్తో చేసుకోండి చాలు. 10ఎక్స్ (వాడే దానికన్నా పది రెట్లు చిక్కటి) బఫర్ నుంచి 500 మిల్లీలీటర్ల 1ఎక్స్ చెయ్యమంటే 50 తీసి నీళ్ళతో 500కి నింపాలి, ఇది ఎవరైనా అడగ్గానే చెప్పగలిగేలా ఉంటే మొదటి వారం గడిచిపోతుంది.