బ్రిటన్‌లో జీతాల మీద ఆదాయపు పన్ను రేట్లు పెంచకపోయినా జనం ఎందుకు గొడవ పెడుతున్నారు?

రేటు పెరగలేదు, నిజమే. కానీ ఏడాది ఆదాయంలో పన్ను పడని మొదటి 12,570 పౌండ్ల పరిమితిని 2021 నుంచి కదలనివ్వలేదు. 2031 దాకా అంతేనని 2025 నవంబరు బడ్జెట్‌లో చెప్పేశారు.

దీని దెబ్బ ఎలా ఉంటుందో చూడండి. ఇంగ్లండ్‌లో ఒకరి ఏడాది జీతం 30,000 పౌండ్లనుకుందాం. ఏటా కట్టే ఆదాయపు పన్ను 3,486. ధరలు 20 శాతం పెరిగాయి, జీతమూ అంతే పెరిగి 36,000 అయింది. అంటే ఆ డబ్బుతో కొనగలిగేదేమీ పెరగలేదు. పన్ను మాత్రం 4,686. పరిమితినీ అదే లెక్కన పెంచి ఉంటే 4,183 దగ్గర ఆగేది. చడీచప్పుడు లేకుండా జేబులోంచి 500 పౌండ్లు పోయాయి! నా దృష్టిలో నేరుగా రేటు పెంచడమే ఇంతకంటే నిజాయితీ.

ఇక సంక్షేమం. చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి వృద్ధులకు 200, 80 దాటినవారికి 300 పౌండ్ల దాకా ఇచ్చేవారు. 2024 జులైలో ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ దాన్ని బాగా పేదవారికే పరిమితం చేశారు. దాదాపు కోటి మందికి ఆగిపోయింది. గోల భరించలేక మరుసటి ఏడాది జూన్‌లో వెనక్కి తగ్గి, 35,000 పౌండ్ల లోపు ఆదాయమున్న వారందరికీ మళ్లీ ఇస్తామన్నారు. ఈలోపు ఒక చలికాలం గడిచిపోయింది.

అక్కడి మన ఐటీ వాళ్ల బాధ వేరు. వర్క్ వీసా మీద ఉంటే పన్ను అందరిలాగే కట్టాలి, సంక్షేమ పథకాల్లో చాలావాటికి మాత్రం అర్హత ఉండదు.