దంతవైద్యశాలలో ఎవరి పాట పెట్టాలి?

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

చిత్తూరులో తెరవబోతున్న నీ దంతవైద్యశాలలో ఏ పాటలు పెడితే రోగుల బెదురు తగ్గుతుందని అడిగావు. అది నువ్వూ నేనూ తేల్చేది కాదమ్మా, కుర్చీలో కూర్చున్నవారిని అడగాలి.

నేనూ మొదట్లో, తిరుపతిలో ఇంకేం పెడతామనుకొని, గది మూలన స్పీకరు పెట్టి అన్నమయ్య కీర్తనలే వేసేవాణ్ణి. ఒకనాడు చంద్రగిరి వైపు నుంచి వచ్చిన పెద్దావిడకు పళ్ల గార తీస్తూ, మధ్యలో పుక్కిలించి ఉమ్మమన్నాను. ఆమె నెత్తురు కలిసిన నీళ్లు నోట్లోనే పట్టుకొని, బుగ్గలు ఉబ్బించుకొని, స్పీకరు వైపు వేలు చూపిస్తూ కూర్చుంది. పాట ఆపితేగానీ ఉమ్మలేదు. "స్వామి పాట వస్తా ఉంటే ఎంగిలి ఎట్ల ఉమ్మేది నాయనా?" అంది. అదే కీర్తన మరొకరికి కొండంత అండ కావచ్చు. చిత్తూరులో నీ దగ్గరకు తమిళం మాట్లాడేవారు కూడా వస్తారు కనుక వాళ్ల పాటలూ సిద్ధంగా ఉంచుకో.

ఏదీ చెప్పలేనివారికి మాటలు లేని వేణువో వీణో, నిమిషానికి 60 నుంచి 80 దరువులకు మించని నిదానమైన నడకలో పెట్టు. అడ్రినలిన్ కలిసిన లిగ్నోకెయిన్ అనే మత్తుమందు సూది ఇచ్చాక కొందరికి కాసేపు గుండె దడదడలాడుతుంది. అది మందు వల్లనేనని ముందే చెప్పకపోతే బెదిరిపోతారు. ఆ సమయంలో డప్పుల హోరు పనికిరాదు.

స్పీకరు కంటే హెడ్‌ఫోన్లు మేలు. నిమిషానికి మూడు లక్షల చుట్లకు పైగా తిరుగుతూ పన్ను తొలిచే ఎయిరోటర్ కీచుధ్వని చెవిన పడగానే చాలామంది కుర్చీ చేతులు బిగించి పట్టుకుంటారు. అయితే పంటి అదురు ఎముక గుండా కూడా చెవికి చేరుతుంది కాబట్టి, మోత బొత్తిగా వినిపించదని మాట ఇవ్వవద్దు. నీ మాట వినిపించేంత తక్కువ ధ్వనిలో ఉంచి, ఇబ్బందైతే ఎడమ చెయ్యి ఎత్తమని చెప్పు. ఎత్తితే తప్పకుండా ఆపు. సూది పట్టుకున్నాక కాక, పది నిమిషాల ముందే పాట మొదలుపెట్టు. పాటలు ఫోన్‌లో దించిపెట్టుకో. ఒకసారి పంటి లోపలి నరం శుభ్రం చేస్తున్న వేళ పాట మధ్యలో ప్రకటన బిగ్గరగా మోగి, రోగి కంటే నేనే ఎక్కువ ఉలిక్కిపడ్డాను.

1960లో అమెరికాలో గార్డనర్ అనే దంతవైద్యుడు, లిక్‌లైడర్ అనే శాస్త్రజ్ఞుడు కలిసి, సంగీతంతోనూ హోరుధ్వనితోనూ నొప్పిని అణచవచ్చని ప్రకటించారు. మత్తుమందుకు బదులుగా ఆ పద్ధతి నిలవలేదు. కానీ ధ్వని పెంచే మీటను రోగి చేతికే ఇచ్చారు చూడు, అది మాత్రం మనం తీసుకోవలసినదే. మత్తు సరిగా ఎక్కకుండా పాట మీద భారం వేసి పని మొదలుపెట్టకు.

భయం ఎంతో కొలవడానికి ఐదు ప్రశ్నల పట్టిక ఉంది కదా. 25కు 19 గానీ అంతకు మించి గానీ వస్తే సంగీతం ఒక్కటే చాలదు. అటువంటివారికి తొలిరోజు మాట్లాడి, నోరు చూసి పంపడమే మంచిది.

హెడ్‌ఫోన్ల తొడుగులు ప్రతి రోగికీ మార్చాలి. హెడ్‌ఫోన్లు కొనేముందు మాత్రం అవి పెట్టుకొని నువ్వే ఆ కుర్చీలో వెనక్కి వాలి, సహాయకురాలితో నీ చెవి పక్కన ఎయిరోటర్ నడిపించుకొని ఒకసారి విను.

ఆశీస్సులతో,
పెదనాన్న