వరండాను అద్దాల గదిగా మార్చడానికి కాంట్రాక్టర్‌ని ఎలా ఎంచుకోవాలి?

మీది రావులపాలెం దగ్గర డాబా ఇల్లని, పడమటి వరండాని అద్దాలతో మూయించి కూర్చునే గదిలా చేసుకోవాలనుకుంటున్నామని రాశారు. వచ్చిన కాంట్రాక్టర్లు తలో రేటు చెబుతున్నారు, ఎవర్ని నమ్మాలో తెలియట్లేదన్నారు. మాది అంబాజీపేట వైపు. అమ్మ కోసం దొడ్డివైపు వరండా ఇలాగే మూయించాం. ఆ గదిని ఎండల్లోనూ తుఫాను గాలుల్లోనూ చూశాం కాబట్టి చెబుతున్నాను: అద్దం రంగు గురించి మాట్లాడేవాడి కంటే గాలి గురించీ జల్లు గురించీ అడిగేవాడికి పని ఇవ్వండి.

మా ఇంటికి వచ్చినవాళ్ళలో ఒకాయన ఫోన్లో ఫొటోలు చూపించి, టేపు తియ్యకుండానే చదరపు అడుగుకి ఇంత అని చెప్పేశాడు. ఇంకొకాయన తిన్నగా వరండా చివరికెళ్ళి నిలబడి, "వానొస్తే జల్లు ఎటునుంచి కొడుతుందమ్మా?" అని అమ్మని అడిగాడు. ఇంటి స్లాబ్ అంచు కింద తడి మరకలు చూశాడు. అరుగుకీ ఇంటి గోడకీ మధ్య పగులు ఉందేమోనని వంగి చూశాడు. రేటు ఎక్కువే చెప్పాడు, అయినా ఆయనకే ఇచ్చాం.

రేట్లు కలవకపోవడానికి మోసమే కారణం కానక్కర్లేదు. ఒకాయన అల్యూమినియం సెక్షన్ (ఫ్రేము చేసే పట్టీ) పల్చటిది అనుకుని చెబుతాడు, ఇంకొకాయన మందంది. ఒకాయన 5 ఎంఎం మామూలు అద్దం, ఇంకొకాయన 6 ఎంఎం టఫెన్డ్, అంటే కాల్చి గట్టిపరిచిన అద్దం. దోమల మెష్ కలిపారా లేదా, ఫ్రేము బిగించాక గోడ పూతలు ఎవరు వేయించాలి, జీఎస్టీ లోపలా బయటా, ఇవన్నీ రేటులో దాక్కుని ఉంటాయి. పైకప్పు రేకైతే మరొకటి: వాలు వెంట కొలుస్తారా, కింద నేల కొలత తీసుకుంటారా అని ముందే అడగాలి. చూరు బయటికి వచ్చినంత మేరా కొలతలో పడుతుంది. అందుకని ఏం కావాలో మీరే ఒక కాగితం మీద రాసి, అందరికీ అదే కాగితం ఇచ్చి రేటు అడగండి. అప్పుడు గానీ పోల్చడానికి వీలుండదు.

చేసిన పని చూపించమన్నప్పుడు కొత్తది వద్దనండి. కనీసం ఒక వానాకాలం దాటినదాన్ని చూపించమనండి. కొత్త పని ఎవరిదైనా మెరుస్తుంది. అక్కడికి వెళ్ళాక కిటికీ కింది ట్రాక్‌లో నీళ్ళు బయటికి పోయే చిల్లులు ఉన్నాయా, ఫ్రేముకీ గోడకీ మధ్య సిలికాన్ ఊడిపోతోందా, స్క్రూల చుట్టూ తుప్పు దిగిందా చూడండి. ఆ ఇంటివాళ్ళని పక్కకి పిలిచి, నీళ్ళు లోపలికి వచ్చినప్పుడు ఫోన్ చేస్తే మనిషి వచ్చాడా అని తప్పకుండా అడగండి. నా దృష్టిలో మిగతా అన్ని ప్రశ్నల కంటే ఇదే పెద్దది.

ఇక గాలి సంగతి. 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్ళకి కోనసీమలో గాలి ఏం చేయగలదో చెప్పక్కర్లేదు. కట్టడాల మీద గాలి ఒత్తిడికి ఐఎస్ 875 మూడో భాగం అని ఒక భారతీయ ప్రమాణం ఉంది. అందులో విశాఖకీ విజయవాడకీ లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. మనం ఆ రెంటికీ మధ్యలో ఉన్నాం. తెరిచి ఉన్న వరండాలో గాలి ఇటు వచ్చి అటు పోతుంది. మూసేశాక గాలి ఎదురుగా ఉన్న అద్దం ఒక్కటి పగిలినా లోపల జొరబడిన గాలి కప్పుని కింద నుంచి పైకి తోస్తుంది. అదే సమయంలో బయటి గాలి పైనుంచి లాగుతుంది. స్లాబ్ ఉంటే మీకు ఆ బెంగ లేదు. రేకు వేయాల్సి వస్తే మాత్రం దాన్ని మోసే ఇనుప పైపులు దేనికి బిగిస్తున్నారో అడగండి. ఇటుక గోడలో మేకులు, చిన్న స్క్రూలు చాలవు, కాంక్రీటు బీములోకి యాంకర్ బోల్టులు దిగాలి. కొబ్బరిచెట్ల కింద అద్దం కప్పు, పాలీకార్బొనేట్ (ప్లాస్టిక్ రేకు) కప్పు అసలు వద్దు. దింపు తీసేటప్పుడు ఒక్క కాయ గురి తప్పితే చాలు. మేం ఇనుప రేకే వేశాం.

పడమటి ఎండ మీకు అసలు సమస్య అవుతుంది. మే నెల సాయంత్రం నాలుగింటికి మూసిన అద్దాల గది పొయ్యి మీద పెట్టిన మూకుడులా కాగిపోతుంది. లోపల కర్టెన్ వేస్తే పెద్దగా లాభం లేదు, వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. నీడ బయట ఉండాలి: పొడుగు సన్‌షేడ్, లేదా బయట వేలాడే వెదురు తెరలు. అవి గాలికి కొట్టుకుపోకుండా చుట్టి కట్టుకునే వీలు ఉండాలి. ఇంకో సంగతి, రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటుంది. మన ఉక్కకి అది చాలదు. మేం జల్లు కొట్టే వైపు స్లైడింగ్, మిగతా వైపు పూర్తిగా తెరుచుకునే రెక్కలు పెట్టించాం. అమ్మ మధ్యాహ్నం కూడా అక్కడే కూర్చోగలుగుతోంది.

నేల గురించి కూడా అడగండి. మనది ఒండ్రుమట్టి, చాలాచోట్ల బంకనేల. వేసవిలో కాలవలు కట్టేశాక ఎండి నెర్రెలిస్తుంది, నీళ్ళు వదిలాక మళ్ళీ ఉబ్బుతుంది. ఇల్లు కట్టాక విడిగా వేసిన అరుగైతే ఇంటితో పాటు కదలదు, దాని దారి దానిది. దాని మీద ఫ్రేము బిగిస్తే కొన్నాళ్ళకి తలుపులు పట్టేస్తాయి. అరుగుకీ గోడకీ మధ్య పగులు ఎండాకాలంలోనే బాగా కనబడుతుంది.

వంటింటి కిటికీ గానీ బాత్రూమ్ వెంటిలేటర్ గానీ ఆ వరండాలోకి తెరుచుకుంటుంటే ఆగి ఆలోచించండి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. గ్యాస్ గీజర్ ఉంటే మరీ ప్రమాదం. ఆ పొగ బయటికి పోయే దారి మూసేసి అద్దాలు పెట్టకూడదు. సిలిండర్‌నీ గీజర్‌నీ వేరేచోటికి మార్చాకే మూయించండి.

వరండా బయటి వైపు ప్రహరీకి దగ్గరగా ఉంటే పని మొదలెట్టకముందే పంచాయతీ కార్యదర్శినో, మున్సిపాలిటీ అయితే టౌన్ ప్లానింగ్ సిబ్బందినో కలవండి. ఇంటి చుట్టూ వదలాల్సిన స్థలాన్ని గదిగా మూస్తే తర్వాత తలనొప్పి.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. మేం అడ్వాన్స్ మూడో వంతు లోపే ఇచ్చాం, ఫ్రేములు బిగించాక కొంత, అద్దాలు పడ్డాక కొంత ఇచ్చి, చివరి పదో వంతు గట్టి వాన ఒకటి పడ్డాకే అని కాగితం మీద రాయించుకున్నాం. "ఆయ్, అలాగేనండి" అని వెంటనే సంతకం పెట్టాడాయన. అద్దాల ఆర్డరు మాత్రం ఫ్రేములు బిగించి మళ్ళీ కొలిచాకే పెట్టించండి. టఫెన్డ్ అద్దాన్ని తయారయ్యాక కొయ్యడం, తొలవడం కుదరదు. వచ్చాక మూలన టఫెన్డ్ అని చెప్పే ముద్ర ఉందో లేదో చూసుకోండి.

మీ వరండా ఇంటితో కలిపి కట్టిందా, తర్వాత వేసిందా? పైన స్లాబ్ ఉందా? ఆ రెండూ రాస్తే పైపుల సైజులు, బోల్టుల సంగతి మా ఫ్యాబ్రికేటర్‌ని అడిగి చెబుతాను.