నోట ప్రార్థన రానప్పుడు

చెల్లెమ్మా, భర్త పోయిన ఆరు నెలలకే పిల్లలతో ఆదోని నుంచి కడపకు మారారని, మందిరంలో కూర్చున్నా ప్రార్థన రావడం లేదని, ఇది అవిశ్వాసమేమోనని భయంగా ఉందని రాశారు. కాదమ్మా. నాన్న పోయాక నేనూ నెలల తరబడి అలాగే ఉన్నాను. అప్పుడు బైబిలులోని 88వ కీర్తన పట్టుకున్నాను. చాలా విలాప కీర్తనల్లా అది స్తుతి వైపు తిరగదు, చీకటిలోనే ముగుస్తుంది. అయినా అది ప్రార్థనే. రోజూ పడుకునే ముందు పైకి చదవండి, సొంత మాటలు వెతుక్కోవద్దు.

ఏలీయా ప్రవక్తను చూడండి. ఇక చాలు, చావు రానివ్వమని చెట్టు కింద పడుకున్నాడు. దేవదూత ఆయనను మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, రెండోసారి లేపి తినిపించాడు. దేవుని కొండ హోరేబుకు నడక ఆ తరువాతే. మీరు వేళకు తింటున్నారా?

వితంతు పింఛను అడగడానికి మొహమాటంగా ఉందన్నారు. ఆదిమ క్రైస్తవ సంఘంలో విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగా అందడం లేదని తెలిసి, ఆ పనికే ఏడుగురిని నియమించారు (అపొస్తలుల కార్యములు 6). సచివాలయానికి వెళ్లి అడగండి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వెంటనే వచ్చేయకుండా, పాస్టరు గారి భార్యతో పది నిమిషాలు మాట్లాడండి.