పాత పోర్షే 911 కొనొచ్చా? ఎనిమిదేళ్లుగా ఒకటి నడుపుతున్న నా అనుభవం

మీరు డల్లాస్‌లో 2001 మోడల్ పోర్షే 911 ఒకటి చూశానన్నారు. 38 వేల మైళ్ళే తిరిగింది, 23 వేల డాలర్లు చెబుతున్నారు, కొనొచ్చా, మెయింటెనెన్స్‌కి ఎంతవుతుంది, తర్వాత రేటు పెరుగుతుందా అని అడిగారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. కారు కొన్నాక ఇంకో ఆరు వేల డాలర్లు మీ చేతిలో మిగిలితే కొనండి. ఉన్నదంతా ఊడ్చి కారుకే పెట్టాల్సి వస్తే మాత్రం ఇంకో ఏడాది ఆగండి.

నేను ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాను. 2017లో 2002 మోడల్ 911 కొన్నాను. మాన్యువల్ గేర్లు, 68 వేల మైళ్ళు, 24,500 డాలర్లు. ఇప్పుడు లక్షా నాలుగు వేల మైళ్ళు దాటింది. మీరు చూసిందీ నాదీ ఒకే తరం కార్లు, ఫ్యాక్టరీ నంబరు 996. 911 చరిత్రలో నీటితో చల్లబడే ఇంజన్ వచ్చిన మొదటి తరం ఇదే. అంతకుముందు 30 ఏళ్లకు పైగా గాలితో చల్లబడే ఇంజన్లే. ఆ మార్పు పాత అభిమానులకు నచ్చలేదు. పోర్షేలోనే చవకైన మోడల్ బాక్స్‌స్టర్‌కి పెట్టిన హెడ్‌లైట్లే దీనికీ పెట్టారని, అవి చూడటానికి హాఫ్‌బాయిల్ గుడ్డులా ఉన్నాయని ఇంకో ఫిర్యాదు. అందుకే చాలా ఏళ్లు 911లన్నిటిలో తక్కువ ధరకు దొరికింది ఇదే. నాబోటి ఉద్యోగస్తుడు కొనగలిగాడంటే కారణం అదే. 2002లో లైట్లు మార్చారు, ఇంజన్‌ను 3.4 లీటర్ల నుంచి 3.6కి పెంచారు, గ్లవ్‌బాక్స్ కూడా అప్పుడే ఇచ్చారు. మీరు చూసిన 2001లో అది ఉండదు, వెతక్కండి.

రేటు తక్కువ ఉండటానికి ఇంకా పెద్ద కారణం ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్. దీని గురించి చదివి మీరు ఇప్పటికే టెన్షన్ పడుతూ ఉండొచ్చు. విషయం ఇది. ఇంజన్ లోపల పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ కింద ఇంకో షాఫ్ట్ ఉంటుంది, ఐఎంఎస్ అంటే అదే. క్రాంక్ దాన్ని చైన్‌తో తిప్పుతుంది, అది ఇంకో చైన్లతో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టులను తిప్పుతుంది. గేర్‌బాక్స్ వైపు చివర ఆ షాఫ్టును మోసేది సీలు వేసిన ఒక చిన్న బాల్ బేరింగ్. ఏళ్లు గడిచేకొద్దీ సీలు గట్టిపడి, ఇంజన్ ఆయిల్ లోపలికి చేరి, గ్రీజును కడిగేస్తుంది. బేరింగ్ అరిగి విరిగితే వాల్వులు తెరుచుకునే టైమింగ్ తప్పుతుంది, పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి. ఇంజన్ మొత్తం పోయినట్టే. దీని మీద అమెరికాలో కేసు నడిచి 2013లో సెటిల్‌మెంట్ అయింది. ఆ క్లెయిముల గడువు ఎప్పుడో అయిపోయింది, మనకు పనికిరాదు. టర్బో, జీటీ3 మోడళ్లలో వేరే ఇంజన్ కాబట్టి ఈ బాధ లేదు, వాటి ధరలు కూడా వేరే లోకంలో ఉంటాయి.

భయపడి వదిలేయాల్సిన పని లేదు. గేర్‌బాక్స్ దించితే ఆ బేరింగ్ చేతికి అందుతుంది. అందుకే క్లచ్ మార్చేటప్పుడే దాన్నీ మార్చేస్తారు. నేను కారు తెచ్చుకున్న రెండో నెలలోనే ఈ పని చేయించాను. మెరుగైన రకం బేరింగ్, క్లచ్, దాని పక్కనే ఉండే క్రాంక్ సీలు, ఎలాగూ గేర్‌బాక్స్ దించారు కాబట్టి ఆయిల్ సెపరేటర్ కూడా. మొత్తం 4,200 డాలర్లు అయింది, డీలర్ దగ్గర కాదు, పోర్షేలే చూసే ఒక చిన్న షాపులో. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టింది. మిమ్మల్ని ఆరు వేలు పక్కన పెట్టుకోమన్నది ముఖ్యంగా ఇందుకే. మీరు చూసిన కారులో ఈ పని అయిపోయిందని అంటే బిల్లు చూపించమనండి. నోటి మాటకు విలువ ఇవ్వకండి.

నన్ను ఇంతకంటే ఎక్కువ భయపెట్టేది సిలిండర్ గోడల మీద గీతలు పడటం. బేరింగ్ అయితే మార్చుకోవచ్చు, ఇది వస్తే ఇంజన్ విప్పాల్సిందే, అప్పుడు కారు కొన్న ధర దాకా ఖర్చు రావచ్చు. రెండు సైలెన్సర్ గొట్టాలలో ఒకటే నల్లగా మసి పట్టడం, ఆయిల్ త్వరగా తగ్గిపోవడం, ఇంజన్ వేడెక్కాక టిక్ టిక్ మని చప్పుడు రావడం దీని గుర్తులు. స్పార్క్ ప్లగ్గులు తీసి సన్న కెమెరా దించి చూస్తే తెలిసిపోతుంది. చల్లని ఇంజన్‌ను గట్టిగా తొక్కడం దీనికి మంచిది కాదు. నేను నీటి వేడి సూది మీద ఆధారపడను. అది నిలబడ్డాక కూడా ఆయిల్ వేడెక్కడానికి ఇంకో పది నిమిషాలు ఇస్తాను, అప్పటిదాకా 3 వేల ఆర్పీఎం దాటను.

ఇప్పుడు మీ 38 వేల మైళ్ళ సంగతి. తక్కువ తిరిగింది కాబట్టి మంచిదని అనుకుంటున్నారు. ఇక్కడే మీతో గట్టిగా విభేదిస్తాను. నేను మొదట కొనబోయింది 31 వేల మైళ్ళ కారు, ఒక పాత కార్ల డీలర్ దగ్గర. అద్దంలా మెరిసిపోతోంది. అడ్వాన్స్ ఇవ్వడానికి సిద్ధపడ్డాను. మా ఆవిడే ముందు మెకానిక్‌కి చూపించమని పట్టుబట్టింది. 350 డాలర్లు పెట్టి పరీక్ష చేయించాను. టైరు మీద చివరి నాలుగు అంకెలు 2308, అంటే 2008లో 23వ వారంలో తయారైంది. తొమ్మిదేళ్ల టైర్లు! పెయింట్ మందం కొలిస్తే ఎడమ ఫెండర్ మీద మిగతా చోట్ల కంటే మూడింతలు వచ్చింది, అంటే అక్కడ మళ్లీ పెయింట్ వేశారు. కారు కంప్యూటర్‌లో ఇంజన్ హద్దు దాటిన వేగంతో తిరిగిన లెక్క ఉంది, అంటే ఎవరో పై గేరుకు బదులు కింది గేరు వేసేశారు. ఇవన్నీ చూశాక వదిలేసి వచ్చాను. ఆ 350 డాలర్లు నేను ఈ కార్ల మీద పెట్టిన డబ్బులన్నిటిలో మంచి ఖర్చు.

కదలకుండా ఉన్న కారులో సీళ్లు ఎండిపోతాయి, ఆయిల్‌లో తేమ చేరుతుంది, రబ్బరు గొట్టాలు పగుళ్లిస్తాయి. ఆ బేరింగ్ కూడా రోజూ తిరిగే కార్లలోనే ఎక్కువ కాలం ఆగుతుందని నా మెకానిక్ చెబుతాడు. 80 వేల మైళ్ళు తిరిగి, ఏటా ఆయిల్ మార్చిన బిల్లులున్న కారు, 38 వేలు తిరిగి ఒక్క కాగితమూ లేని కారు పక్కపక్కన నిలబెడితే నేను ఆలోచించకుండా మొదటిదే తీసుకుంటాను.

నిలబెట్టడం తప్పని రోజులూ ఉంటాయి. మా ఊళ్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి డిసెంబర్ నుంచి మార్చి దాకా కారు గ్యారేజీలోనే. మొదటి ఏడాది బ్యాటరీకి చార్జర్ తగిలించడం మర్చిపోయాను. మార్చిలో చూస్తే బ్యాటరీ చచ్చిపోయింది. ఈ కారుకు ఇంజన్ వెనక, డిక్కీ ముందు. బ్యాటరీ ఉండేది ఆ ముందు డిక్కీలో, ఆ డిక్కీ తెరుచుకునేది కరెంటుతో! డ్రైవర్ ఎడమ కాలి దగ్గర ఫ్యూజుల పెట్టెలో ఒక ఎర్ర పిన్ను బయటికి లాగి, దానికి వేరే బ్యాటరీ పాజిటివ్, తలుపు కొక్కేనికి నెగటివ్ తగిలిస్తే తెరుచుకుంటుంది. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. డల్లాస్‌లో మీకు మంచు బాధ తక్కువ, ఎండ బాధ ఎక్కువ. ముందు బంపర్ లోపల రేడియేటర్ల దగ్గర ఆకులు పేరుకుపోతాయి, తడి పట్టి ఏసీ కండెన్సర్లను తినేస్తాయి. ఏడాదికోసారి బంపర్ విప్పి శుభ్రం చేయించండి. నేను ఆలస్యం చేసి 1,600 డాలర్లు కట్టాను.

ఎనిమిదేళ్ల లెక్క చెబుతాను. పైన చెప్పిన 4,200, 1,600 కాక, టైర్లు రెండు సెట్లు 2,200, సస్పెన్షన్ ఆర్మ్‌లు 1,900, పగిలిన కూలంట్ ట్యాంకు 900, వాటర్ పంపు 850. ఆయిల్ నేనే మారుస్తాను, దాదాపు తొమ్మిది లీటర్లు పడుతుంది, ఫిల్టర్‌తో కలిపి ఏడాదికి 120. తీసిన ఫిల్టర్‌ను ప్రతిసారీ కోసి, మడతల్లో లోహపు రజను ఉందేమో చూస్తాను. మొత్తం 13 వేలకు కాస్త తక్కువ. ఇన్సూరెన్స్ ఇంకో 4,800. పెట్రోలు లెక్క వేయలేదు.

పోయినేడు ఒకాయన నా కారుకు 34 వేలు ఇస్తానన్నాడు. కొన్న ధర కంటే 9,500 ఎక్కువ. కరోనా తర్వాత ఈ కార్ల ధరలు బాగా పెరిగిన మాట నిజమే. కానీ పైన ఖర్చు కలిపితే నాకు ఎనిమిదేళ్లలో దాదాపు 8 వేలు పోయినట్టు, ఏడాదికి వెయ్యి. ఆ వెయ్యికి నాకు దొరికినదాన్ని తలచుకుంటే నాకు ఏ బాధా లేదు, కానీ దీన్ని పెట్టుబడి అని మీరు అనుకోకూడదు. స్థలం కొన్నట్టు ఊరికే వదిలేస్తే ఇది పెరగదు, చెడిపోతుంది.

విలువ తేల్చుకోవాలంటే అమ్మేవాళ్లు అడిగే ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. బ్రింగ్ ఏ ట్రైలర్ లాంటి వేలం సైట్లలో అవి అందరికీ కనిపిస్తాయి. పోల్చేటప్పుడు కూపేను (పైకప్పు తెరుచుకోని రకం) కూపేతోనే, మాన్యువల్‌ను మాన్యువల్‌తోనే పోల్చండి. ఆటోమేటిక్‌కూ, పైకప్పు తెరుచుకునే రకానికీ సాధారణంగా తక్కువ వస్తుంది. ఇన్సూరెన్స్ మాత్రం మీరూ కంపెనీ ముందే ఒప్పుకున్న విలువ మీద తీసుకోండి. నా స్నేహితుడి పాత స్పోర్ట్స్ కారును వెనక నుంచి ఎవరో గుద్దితే, మామూలు పాలసీ కావడంతో అతని కంపెనీ పాత కార్ల పట్టిక చూసి బజారు ధరలో సగం చేతిలో పెట్టింది. అతను ఆ కారును కొడుకుతో కలిసి మూడేళ్లు బాగు చేసుకున్నాడు.

కాగితాల గురించి ఒక మాట. మా నాన్న రాజమండ్రిలో బజాజ్ చేతక్‌కి ఒక నోట్‌బుక్ పెట్టేవారు. తేదీ, కిలోమీటర్లు, పెట్రోలు, మార్చిన ప్లగ్గు, అన్నీ అందులో ఉండేవి. నేను ఈ కారుకు అలాంటిదే రాస్తున్నాను, బిల్లులన్నీ వెనక అతికిస్తాను. నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు కారు కంటే ముందు ఆ నోట్‌బుక్కే అడిగి, కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. 34 వేలు ఇస్తానన్నాయన కూడా ముందు అదే తిరగేశాడు, నడిపి చూసింది తర్వాతే.

ఇప్పుడు మీరు చేయాల్సింది: అమ్మే ఆయనకు ఫోన్ చేసి టైర్ల తేదీ, క్లచ్ ఎప్పుడు మార్చారు, గత మూడేళ్ల ఆయిల్ బిల్లులు ఉన్నాయా అని అడగండి. తర్వాత పోర్షే తెలిసిన మెకానిక్‌తో, కెమెరాతో సహా పరీక్ష చేయించండి. దానికి ఆయన ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయండి. రిపోర్టు వచ్చాక వివరాలు ఇక్కడే పెడితే చూసి నాకు తోచింది చెబుతాను.