పులికీ రాజుకూ ఒకే ‘ఆటకట్టు’

సందేహం: పులిమేక ఆడేటప్పుడు పులికి దారి లేకుండా చేసి మా నాయనమ్మ ‘పులి కట్టువడ్డది, ఇగ ఆటకట్టు’ అంటుంది. చదరంగంలో చెక్‌మేట్‌కు కూడా పత్రికలు ‘ఆటకట్టు’ అనే రాస్తున్నాయి. అక్కడ పులి బతికే ఉంటుంది, ఇక్కడ రాజు చస్తాడు. రెంటికీ ఒకే మాట సరైనదేనా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: సరైనదే. రాజు చస్తాడనుకోవడంలోనే ఉంది చిక్కు. చదరంగంలో బంటును, గుర్రాన్ని, చివరికి మంత్రిని కూడా చంపి పక్కన పెడతాం. రాజును మాత్రం ఎవరూ చంపరు. చెక్ పడ్డ, అంటే ఎదుటి బలం దాడిలో ఉన్న రాజుకు తప్పుకునే గడి లేక, అడ్డం పెట్టే బలం లేక, చెక్ చెప్పిన బలాన్ని కొట్టే వీలూ లేకపోతే ఆట అక్కడితో సరి.

పులిమేకలోనూ ఇంతే. సాధారణంగా 3 పులులు, 15 మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది, మేకకు చంపే హక్కే లేదు. అయినా మేకలు ఒక్కొక్కటే చుట్టూ చేరి, దూకడానికి వెనుక ఖాళీ లేకుండా నిలబడితే పులులు ఓడినట్టే. చంపకుండానే గెలిచే ఈ పద్ధతికి ‘కట్టు’ కన్నా తగిన మాట నాకు తోచదు. నోరు కట్టేయడం, రాకపోకలు కట్టడి చేయడం, అన్నిటా ఉన్నది కదలిక ఆపడమే.

ఉర్దూలోని ‘షహ్ మాత్’ పారసీకం నుంచి వచ్చింది. అక్కడ కూడా ‘మాత్’ అంటే దిక్కుతోచక చిక్కుబడటమే. అరబ్బీలో చావును చెప్పే మాట ఇలాగే వినిపించడంతో ‘రాజు చచ్చాడు’ అనే అర్థం ప్రచారమైంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. చెక్ లేకుండానే కదలడానికి ఎత్తు మిగలకపోతే పులిమేకలో ఓటమి, చదరంగంలో డ్రా. దీనికి ‘ఆటకట్టు’ అని రాస్తే పాఠకుడు పొరబడతాడు, ‘ఎత్తు లేక డ్రా’ అంటే చాలు. ఇక ‘చిత్తు’ కుస్తీ మాట, వెల్లకిలా పడేయడం. గెలుపుకు వాడుకోవచ్చు, చెక్‌మేట్‌కు పేరుగా పనికిరాదు.

బోనులో పడ్డ చిరుతకు ‘ఆటకట్టు’ చక్కగా నప్పుతుంది, చచ్చిన చిరుతకు నప్పదు. అలాగే 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో మన చదరంగ ఆటగాడు గుకేశ్ 14వ గేమ్ గెలిచి ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు బోర్డు మీద చెక్‌మేట్ పడలేదు. ఆ ఆట గురించి కచ్చితంగా చెప్పాలంటే ‘ప్రత్యర్థి డింగ్ లిరెన్ ఓటమి ఒప్పుకున్నాడు’ అనే రాయాలి.